బెంగళూరు తెలుగు ఐటీ జనాలకి ఒక పేరోల్ మనిషి బహిరంగ లేఖ: ట్యాక్స్ మీద కోపం సరే, అది ఎవరి మీద చూపిస్తున్నాం?

మారతహళ్ళి, బెల్లందూరు, వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు అపార్ట్‌మెంట్లలో ఉండే నా తెలుగు అన్నలకి, అక్కలకి, తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నమస్కారం.

మాది హిందూపురం. ఇక్కడ ఒక కంపెనీలో పేరోల్ చూస్తా. అంటే నెలనెలా జీతంలోంచి టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఇన్‌కం ట్యాక్స్) కోసి పక్కన పెట్టేది నాలాంటి వాళ్ళమే, కాబట్టి ఇది చదివి తిట్టాలనిపిస్తే తిట్టండి, అలవాటే. ప్రతి ఏడాదీ ఫిబ్రవరి, మార్చిలో కోత కాస్త గట్టిగా పడేసరికి మన గ్రూపుల్లో ఒకటే గోల, "ట్యాక్స్ స్వీడన్ లెవెల్, సౌకర్యాలు సోమాలియా లెవెల్" అని ఒకరు పెడతారు, "దేశంలో నూటికి ముగ్గురే కడుతున్నారు, మిగతా అందరూ మన మీద పడి తింటున్నారు" అని ఇంకొకరు, దాని కిందే ఆధార్ చూపించి ఫ్రీగా బస్సెక్కే ఆడవాళ్ళ ఫొటో, రేషన్ బియ్యం ఫొటో, అత్త సొమ్ము అల్లుడు దానం అని ఒక క్యాప్షన్. మీ కోపం నాకు తెలియనిది కాదు. రింగ్ రోడ్డు మీద గంటలు గంటలు కూర్చుని, ట్యాంకర్ నీళ్ళకి వేలు పోసి, పిల్లల స్కూలు ఫీజు కట్టి, మళ్ళీ హెల్త్ ఇన్సూరెన్స్ సొంతంగా తీసుకునే మనిషికి ఒళ్ళు మండకపోతే ఆశ్చర్యపోవాలి. కాకపోతే ఆ మంట అంతా కింద ఉన్నోళ్ళ మీదకే పోతోంది. పైన ఉన్నోళ్ళ వైపు ఎవ్వరూ తల కూడా ఎత్తి చూడట్లేదు. నా బాధంతా అదే.

ముందు స్వీడన్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఆ ఫార్వర్డ్ ఇప్పటికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కే లేదు. ఏడాదికి 25 లక్షల జీతం అనుకోండి, కొత్త రెజీమ్ (మినహాయింపులు పెద్దగా లేకుండా రేట్లు తక్కువ ఉండే పద్ధతి), 2025-26 రేట్లు. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేసి స్లాబుల ప్రకారం లెక్క వేస్తే సెస్సుతో కలిపి ట్యాక్స్ 3,19,800 వస్తుంది. జీతంలో అది 12.8 శాతం. "నేను 30 పర్సెంట్ స్లాబులో ఉన్నా" అని బాధపడే వాళ్ళకి ఆ 30 పడేది 24 లక్షలు దాటిన ముక్క మీదే, అంటే ఇక్కడ పాతిక వేల మీద. స్వీడన్‌లో ఏంటంటే ఊరి మునిసిపాలిటీ, రీజియన్ కలిపి వేసే ఆదాయప్పన్నే సగటున 32 శాతం దగ్గర ఉంటుంది, అందులో కొంత రాయితీ ఉన్నా సరే, జీతం ఒక గీత దాటితే దాని పైన సెంట్రల్ గవర్నమెంట్ ఇంకో 20 శాతం, ఇవి కాకుండా కంపెనీ వాళ్ళు జీతం మీద 31.42 శాతం వేరేగా కట్టాలి, ఇంకా షాపులో కొనే చాలా వస్తువుల మీద 25 శాతం వ్యాట్. డెన్మార్క్ అయితే మరీ, కూరగాయల మీద కూడా అదే 25. ఆ దేశాల్లో మొత్తం దేశ ఆదాయంలో పన్నుల కింద పోయేది 40 శాతం పైమాటే, మన దగ్గర కేంద్రం, రాష్ట్రాలు అన్నీ కలిపినా 17, 18 శాతం చుట్టూనే. కాబట్టి మనం కట్టేది స్వీడన్ లెవెల్ కాదు, దాని దరిదాపుల్లో కూడా లేదు. సౌకర్యాలు నాసిరకం అనేది వేరే గొడవ, అది నిజమే, దాని మీద ఎంతైనా తిట్టండి నేనూ వస్తా. గుంత పడిన రోడ్డుకి తిట్టాల్సింది కార్పొరేషన్‌నీ కాంట్రాక్టర్‌నీ కదా, బస్సులో సీటు దొరికిన పనిమనిషినా?

ఇంక ఆ "నూటికి ముగ్గురే" లెక్క. అది ఇన్‌కం ట్యాక్స్ ఒక్కటే చూసి చెప్పే మాట. దేశంలో ఇప్పుడు దాదాపు 9 కోట్ల రిటర్న్‌లు పడుతున్నాయి, అందులో చాలామందికి కట్టాల్సింది సున్నా, అది నిజమే. కానీ ఒక చిన్న విషయం మర్చిపోతున్నారు, 2025 బడ్జెట్‌లో జీతగాళ్ళకి 12 లక్షల 75 వేల దాకా ట్యాక్స్ లేకుండా చేశాక మీ టీమ్‌లో ఉన్న ఫ్రెషర్ కూడా ఆ "కట్టని" 97 మందిలోకే వెళ్ళిపోయాడు, మరి వాడిని కూడా మీద పడి తింటున్నాడు అంటారా? అనరు. ఎందుకంటే వాడు మనోడు. మీ ఇంట్లో అంట్లు తోమే ఆవిడ ఫోన్ రీచార్జ్ మీద కట్టే జీఎస్టీ 18 శాతం, మీ కంపెనీ సీఈఓ రీచార్జ్ మీద కట్టేదీ అదే 18. సబ్బులు, షాంపూలు 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతంలోకి వచ్చాయి గానీ దానికి ముందు ఎనిమిదేళ్ళు ఆవిడ వాటి మీద 18 కట్టింది (మొదట్లో కొన్నిటి మీద 28 కూడా). పెట్రోల్ మీద కర్ణాటక సేల్స్ ట్యాక్స్ 2024 జూన్‌లో 29.84 శాతం చేశారు, తెలంగాణలో వ్యాట్ ఇంకా ఎక్కువ, 35.2 శాతం, కేంద్రం ఎక్సైజ్ దానికి వేరే. స్విగ్గీ బ్యాగు వేసుకుని మన గేటు దగ్గర నిలబడే కదిరి కుర్రాడు రోజంతా ఆ పెట్రోల్ మీదే తిరుగుతాడు, వాడి సంపాదనలో ఎంత వాటా పన్ను కింద పోతోందో వాడికే తెలీదు, ఎందుకంటే వాడికి ఫారం 16 (ఏడాదిలో ఎంత ట్యాక్స్ కట్ అయిందో కంపెనీ ఇచ్చే కాగితం) ఇచ్చేవాడు ఎవడూ లేడు.

2025 జులైలో మన వీధుల్లో జరిగింది గుర్తుందా? యూపీఐ లెక్కలు చూసి కర్ణాటక కమర్షియల్ ట్యాక్స్ వాళ్ళు చిన్న షాపులకి నోటీసులు పంపారు, బేకరీలు, కాండిమెంట్స్, టీ కొట్లు, హావేరిలో ఒక కూరగాయల అతనికైతే 29 లక్షలు కట్టమని వచ్చింది, కూరగాయల మీద అసలు జీఎస్టీనే లేదు మళ్ళీ! వస్తువులకి ఏడాదికి 40 లక్షలు, సర్వీసులకి 20 లక్షలు దాటితే జీఎస్టీలో చేరాలి అనే ఆ హద్దు టర్నోవర్ మీద, లాభం మీద కాదు, రోజుకి పదకొండు వేల అమ్మకం జరిగితే చాలు 40 లక్షలు దాటిపోతుంది, అందులో వాడికి మిగిలేది ఎంత? వారం తిరక్కుండా ఊరంతా "నో యూపీఐ, ఓన్లీ క్యాష్" బోర్డులు వెలిశాయి, బంద్ అన్నారు, చివరికి ముఖ్యమంత్రి కూర్చోబెట్టి మాట్లాడి పాత బకాయిలు వసూలు చేయం అని చెప్పాక చల్లబడింది. ఆ వారం మన గ్రూపుల్లో నవ్వుకున్న వాళ్ళు చాలామంది, "బాగా అయింది, వాళ్ళు కూడా కట్టాలి" అని. కట్టాల్సినోడు కట్టాలి, నేను కాదనను. టీ కొట్టు దగ్గర అంత పట్టుదలగా ఉండే మనం, దానికి వెయ్యి రెట్లు తప్పించుకునే చోట ఎందుకు అంత మెత్తగా ఉంటాం అనేదే అర్థం కాదు.

ఆ చోటు ఎక్కడో చెప్తా. ఒకాయన జీతం ఏడాదికి 2 కోట్లు (ఉన్నారు, మన ఏరియాలోనే ఉన్నారు). ఆయన కట్టేది దాదాపు 66 లక్షలు. ఇంకొకాయన ఏ పనీ చెయ్యడు, వాళ్ళ నాన్న కొనిపెట్టిన లిస్టెడ్ షేర్లు అమ్మితే 2 కోట్లు లాభం వచ్చింది, 12.5 శాతం రేటు, సర్‌చార్జీ (పెద్ద ఆదాయాలకి పన్ను మీద వేసే అదనపు పన్ను), సెస్సు అన్నీ వేసినా 29 లక్షల చిల్లర. అదే రెండు కోట్లు, సగం కూడా కాదు. 2004 నుంచి 2018 దాకా అయితే అది కూడా సున్నా. ఇక ఆయన అమ్మకుండా అలాగే పెట్టుకుని, వాటిని తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుని బతికితే ఏమీ కట్టక్కర్లేదు, ఎందుకంటే అప్పు ఆదాయం కాదు కదా. చనిపోయాక పిల్లలకి ఇస్తే? ఆ రోజూ ఏమీ లేదు. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ అని, పోయినోళ్ళ ఆస్తి మీద పన్ను, 1953లో తెచ్చారు, 1985లో వీపీ సింగ్ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు తీసేశారు. వెల్త్ ట్యాక్స్ కూడా ఉండేది, ఏడాదికి వెయ్యి కోట్ల చుట్టూనే వస్తోంది అని 2015లో జైట్లీ గారు ఎత్తేసి దాని బదులు కోటి పైన ఆదాయం ఉన్నోళ్ళకి సర్‌చార్జీ పెంచారు, అంటే ఆస్తి మీద వేయాల్సింది మళ్ళీ ఆదాయం మీదకే వచ్చి పడింది. 2019 సెప్టెంబర్‌లో కంపెనీల ట్యాక్స్ ఒకే దెబ్బకి 30 నుంచి 22కి దించారు, ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నాం అని గవర్నమెంటే చెప్పింది, ఆ రోజు స్టాక్ మార్కెట్ ఎగిరి గంతేసింది, మన గ్రూపుల్లో కూడా చప్పట్లే. 2023-24కి వచ్చేసరికి మనుషులు కట్టే ఇన్‌కం ట్యాక్స్ 10 లక్షల కోట్లు దాటింది, కంపెనీలన్నీ కలిపి కట్టింది 9 లక్షల కోట్ల పైచిలుకు. ఈ లెక్క మీద ఒక్క ఫార్వర్డ్ కూడా ఎవరూ పెట్టలేదు, నేనైతే చూడలేదు.

ఇది మన దేశం ఒక్కదానిదే పాపం కాదు. అమెరికా షేర్ల కుబేరుడు వారెన్ బఫెట్ 2011లో ఆయనే రాసుకున్నాడు, నా రేటు 17.4 శాతం, నా ఆఫీసులో పని చేసే మిగతా అందరి రేటూ నాకంటే ఎక్కువే అని. 2021లో ప్రోపబ్లికా అనే అక్కడి వార్తా సంస్థ వాళ్ళు బయటపెట్టిన లెక్కలో అమెరికాలో టాప్ 25 మంది ఆస్తి 2014 నుంచి 2018 మధ్య ఎంత పెరిగిందో దానితో పోలిస్తే కట్టిన ఫెడరల్ ఇన్‌కం ట్యాక్స్ 3.4 శాతం. పైగా అక్కడ ఇంకో సదుపాయం ఉంది, తండ్రి పోయిన రోజు షేరు రేటు ఎంతుంటే కొడుక్కి అదే కొన్న రేటు అయిపోతుంది, మధ్యలో పెరిగిన లాభం గాల్లో కలిసిపోతుంది. మన దగ్గర కనీసం తండ్రి కొన్న రేటే లెక్కలోకి వస్తుంది, అంతవరకు మనమే నయం. అందరూ సమానం అనుకునే స్వీడన్ కూడా తక్కువేం తినలేదు, వారసత్వ పన్ను 2004లో, వెల్త్ ట్యాక్స్ 2007లో తీసేసింది, కాబట్టి అక్కడ కూడా బరువు మోసేది జీతగాడే. ఫ్రాన్స్‌లో బాగా పెద్ద ఆస్తుల మీద ఏడాదికి 2 శాతం కనీస పన్ను అని ఎకనమిస్ట్ గాబ్రియేల్ జుక్మాన్ చెప్తే 2025లో వాళ్ళ సెనేట్ వద్దంది, తర్వాత అసెంబ్లీ కూడా వద్దంది. స్విట్జర్లాండ్‌లో 5 కోట్ల ఫ్రాంకులు దాటిన వారసత్వం మీద 50 శాతం వేద్దామా అని 2025 నవంబర్‌లో జనాన్నే అడిగారు, నూటికి 78 మంది వద్దన్నారు, ఆ 78 మందిలో అంత ఆస్తి ఉన్నోళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి, మన గ్రూపులు గుర్తొచ్చాయి నాకు. అలాగని అసలు జరగని పని కూడా కాదు. దక్షిణ కొరియాలో సామ్‌సంగ్ పెద్దాయన లీ కున్-హీ 2020లో పోతే కుటుంబం 12 లక్షల కోట్ల వన్ పైన, అప్పటి రేటులో మన 80 వేల కోట్ల రూపాయల దగ్గర, ఐదేళ్ళలో కడతాం అని ఒప్పుకుంది. కంపెనీ ఏమీ మూతపడలేదు, మీ చేతిలో ఫోన్ చూసుకోండి.

మన ఆఫీసుల్లో చాలావాటికి పైన ఉండే పెద్ద కంపెనీల తీరు కూడా ఇదే. ఆపిల్ 2014లో ఐర్లాండ్‌లో యూరప్ లాభాల మీద కట్టింది 0.005 శాతం అని యూరోపియన్ కమిషన్ తేల్చింది, అంటే పది లక్షల యూరోలకి 50 యూరోలు. 1300 కోట్ల యూరోలు కట్టాల్సిందే అని 2024 సెప్టెంబర్‌లో కోర్టు ఫైనల్‌గా చెప్పింది, తమాషా ఏంటంటే ఐర్లాండ్ గవర్నమెంటే మాకొద్దు ఆ డబ్బులు అని అన్నేళ్ళు కోర్టులో కొట్లాడింది. ప్రపంచంలో ఎక్కడైనా కనీసం 15 శాతం అని 2021లో 130కి పైగా దేశాలు ఒప్పుకున్నాయి, 2025లో ట్రంప్ మాకొద్దు అన్నాడు, జీ7 వాళ్ళు సరే మీ కంపెనీలకి వేరే దారి అన్నారు. ఆన్‌లైన్ యాడ్స్ మీద మనం 2016లో పెట్టుకున్న 6 శాతం లెవీ కూడా 2025 ఏప్రిల్ నుంచి తీసేశాం. పెద్దోడి దగ్గరికి వెళ్ళేసరికి ప్రపంచం మొత్తం గొంతు సవరించుకుంటుంది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. పేరోల్‌లో కూర్చుంటే అన్నీ కనిపిస్తాయి. ఓల్డ్ రెజీమ్‌లో ఉన్నోళ్ళు జనవరిలో ఇచ్చే రెంట్ రసీదులు చూస్తే ఒక్కోసారి నవ్వొస్తుంది, అదే పెన్ను, అదే చేతిరాత, పన్నెండు నెలలు ఒకే రోజు రాసినట్టు తెలుస్తూనే ఉంటుంది, ఏడాదికి లక్ష దాటితే ఓనర్ ప్యాన్ కావాలి కాబట్టి సరిగ్గా 99 వేలు. పార్టీలకి డొనేషన్ ఇచ్చాం అని రీఫండ్ కొట్టేసే బేరం కూడా నడిచింది, 2025 జులైలో ఇన్‌కం ట్యాక్స్ వాళ్ళు ఇలాంటి తప్పుడు క్లెయిముల మీద దేశమంతా 150 చోట్ల వెతికారు. దేవనహళ్ళి దగ్గర ప్లాటో, ఊర్లో సైటో కొనేటప్పుడు రిజిస్ట్రేషన్ ఇంత, చేతికి ఇంత అని మాట్లాడుకోని తెలుగు ఇల్లు ఎక్కడుందో చూపించండి. వ్యవసాయం సంగతి ఎత్తితే ఇంకా కోపాలొస్తాయి, ఎత్తుతా. మూడెకరాల వేరుశనక్కాయ వేసి వాన రాక ఏడ్చే మా అనంతపురం రైతుకి పన్ను లేకపోవడం న్యాయం. ఊర్లో మామిడి తోట ఉందని చూపించి లక్షలకి లక్షలు తెల్లగా మార్చుకునే కాంట్రాక్టరుకీ, లీడరుకీ కూడా అదే మినహాయింపు ఉండటం ఏం న్యాయం? రాజ్యాంగం ప్రకారం వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే హక్కు రాష్ట్రాలది, పెద్ద కమతాల మీద వేయొచ్చు అని కేఎన్ రాజ్ కమిటీ 1972లోనే చెప్పింది, ఏ రాష్ట్రం ముట్టుకుంటుంది? నార్వేలో ఎవరి ఆదాయం ఎంత, ఎంత కట్టారు అనేది అక్కడి వాళ్ళు ఆన్‌లైన్‌లో చూడొచ్చు (చూసింది ఎవరో అవతలోడికి తెలుస్తుంది, అది ఇంకా బాగుంటుంది), ఫిన్లాండ్‌లో ఏటా నవంబర్ మొదట్లో బాగా సంపాదించే వాళ్ళ లెక్కలు పేపర్లలో వేసేస్తారు. మన అపార్ట్‌మెంట్ నోటీస్ బోర్డు మీద అలా ఒక లిస్టు పెడితే మాత్రం బేస్‌మెంట్‌లో ఉండే ఆ రెండు ఫార్చ్యూనర్ల ఓనర్ ఆ రోజు లిఫ్ట్ వాడడు.

నిజంగా మనోళ్ళకి దేశాల మధ్య ట్యాక్స్‌లో జరుగుతున్న అన్యాయం ఒకటుంది, దాని గురించి మాత్రం చప్పుడే లేదు. హెచ్1బీ మీద అమెరికాలో ఉన్న మన పిల్లలు ప్రతి జీతంలో 6.2 శాతం సోషల్ సెక్యూరిటీకి (అక్కడి పెన్షన్), 1.45 శాతం మెడికేర్‌కి (ముసలితనంలో వైద్యం) కడతారు, కంపెనీ కూడా అంతే కడుతుంది. పెన్షన్ రావాలంటే 40 క్రెడిట్లు కావాలి, అంటే మామూలుగా పదేళ్ళ పని. ఆరేళ్ళో ఏడేళ్ళో చేసి వీసా అయిపోయి, లేఆఫ్ అయి, అమ్మానాన్నల కోసమో మళ్ళీ బెంగళూరు వచ్చేసిన వాళ్ళు మన ఫ్లోర్‌కి ఒక్కరైనా ఉంటారు, వాళ్ళు కట్టిందంతా అక్కడే ఉండిపోయింది. జర్మనీ, ఫ్రాన్స్, జపాన్, కొరియాలతో మనకి సోషల్ సెక్యూరిటీ ఒప్పందాలు (కట్టింది వృథా పోకుండా చూసేవి) ఉన్నాయి, అమెరికాతో లేదు, ఏళ్ళ తరబడి చర్చల్లోనే ఉంది. 2025లో అమెరికా నుంచి ఇంటికి పంపే డబ్బు మీద 5 శాతం అని బిల్లు పెట్టినప్పుడు తెలుగు రాష్ట్రాలు రెండూ గుండె పట్టుకున్నాయి, చివరికి అది 1 శాతానికి దిగి, 2026 జనవరి నుంచి క్యాష్, మనీ ఆర్డర్ లాంటి వాటికే అయింది, బ్యాంకు అకౌంట్ నుంచి పంపితే లేదు. ఆ 1 శాతానికి అంత గోల చేసిన వాళ్ళం 7.65 గురించి నోరెత్తలేదు. ఇంక "గల్ఫ్‌లో ట్యాక్సే లేదు" అనే వాళ్ళు ఒకసారి సౌదీ వెళ్ళిన కడప వాళ్ళని, నిజామాబాద్ వాళ్ళని అడగండి. 2020 జులైలో వ్యాట్ 5 నుంచి 15 చేశారు, భార్యాపిల్లల్ని పెట్టుకుంటే మనిషికి నెలకి 400 రియాల్ ఫీజు, ఎన్ని కుటుంబాలు వెనక్కి పంపేశారో. జీతం మీద ట్యాక్స్ లేదు, బతకడం మీద ఉంది.

ఈ లేఖ గ్రూపు అడ్మిన్లకి ముఖ్యంగా రాస్తున్నా. ప్రతి ఏడాదీ బడ్జెట్ ముందు ఆర్థిక శాఖ జనాల దగ్గర సూచనలు అడుగుతుంది, మనం పంపేది ఒకటే ఎప్పుడూ, స్లాబు పెంచండి, 80సీ (పొదుపు మీద ఇచ్చే మినహాయింపు) పెంచండి. ఈసారి ఇంకో మూడు కలిపి పంపుదాం. అమెరికాతో సోషల్ సెక్యూరిటీ ఒప్పందం ఎక్కడిదాకా వచ్చిందో పార్లమెంటులో చెప్పమని ఒకటి, మన సొంత ఎంపీలకి కూడా పెడదాం, ఊర్లో ఓట్లు ఇంకా అక్కడే ఉన్నాయి కదా చాలామందికి. యాభై కోట్లో వంద కోట్లో దాటిన వారసత్వం మీద పన్ను గురించి చర్చ పెట్టమని రెండోది, దానికి మనలో నూటికి 99 మంది ఒక్క రూపాయి కూడా కట్టేది ఉండదు కాబట్టి భయపడక్కర్లేదు. పెట్రోల్‌ని జీఎస్టీలోకి తీసుకురమ్మని మూడోది, దీనికి రాష్ట్రాలు ఒప్పుకోవు, తెలుసు, అయినా రాయండి. డ్రాఫ్ట్ నేను రాసి పెడతా, తెలుగులో, ఇంగ్లీషులో రెండిట్లో, సంతకాలు మీరు సేకరించండి. రెంట్ రసీదుల విషయం మాత్రం ముందే చెప్తున్నా, వచ్చే జనవరిలో ఓనర్ పేరు, అకౌంట్‌కి డబ్బు పంపిన స్టేట్‌మెంట్ రెండూ లేకపోతే నేను తీసుకోను, మన ఊరోళ్ళైనా సరే.

ఇట్లు,
హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో పేరోల్ చూసే మీ మనిషి